తెలుగునాట అశ్వపోషణము: సాలయు, మేతయు, స్వారియు



వంశచరిత్రములు వ్రాసికొనుట యిటీవల మనవారిలో బాగుగ వ్యాపించినది. ఇది సంతోషింపదగిన విషయమే. ఈ సంచిక కొఱకు వచ్చెడి వ్యాసములలోను, ఇండ్లలో దాచుకొన్న వ్రాతలలోను తఱచుగా నొక వాక్యము కానవచ్చుచుండును. "మా తాతగారికి గుఱ్ఱముండెడిది" అనునదే యా వాక్యము. దానివెంట గుఱ్ఱపు వన్నెయు, వెలయు, జీనుపై నుండిన పనితనమును, ఆయన తెల్లవాఱకముందే బయలుదేఱి యే యూరికి పోయి యే వేళకు మఱలి వచ్చెడివారో యా ముచ్చటయు వర్ణింపబడును. కాని యా గుఱ్ఱ మేమి తినెడిది? ఎవరు తినిపించెడివారు? రాత్రి యెచ్చట కట్టెడివారు? వానకాలమున దాని గొరిజల నెవరు కనిపెట్టి యుండెడివారు? ఈ ప్రశ్నలకు మాత్ర మా చరిత్రములలో ప్రత్యుత్తరము దొరకదు.

కావున ఈ వ్యాసమున మేము యుద్ధములను గాని, బిరుదములను గాని వర్ణింపబూనలేదు. తెలుగుదేశమున గుఱ్ఱమును పెంచుట యనగా నేమో, దాని ప్రతిదినపు పోషణ మెట్టిదో, ఆ విద్య యెవరి చేతులలో నుండెనో చెప్పుటయే మా యుద్దేశము. కడపట మా యింటి కథ నొకదానిని చెప్పి, సంఘీయులకు మూడు మనవులు చేసికొందుము.

గుఱ్ఱము మన నేలది కాదు

ఎద్దునకును గేదెకును మన నేల పుట్టినిల్లు. గుఱ్ఱమునకట్లు కాదు. దానికి పొడిగాలియు, గట్టినేలయు, విశాలమైన పచ్చికబయళ్ళును కావలెను. మన కోస్తా మండలపు తడినేలలందు దాని గొరిజలు మెత్తబడి చెడును. వానకాలమున ముసరెడి దోమలును జోరీగలును దానికి రోగములను దెచ్చును. దక్కను పీఠభూమిపై, ముఖ్యముగా భీమానది లోయలో, పొట్టివైనను మిక్కిలి యోర్పుగల తట్టువులు పెరిగెడివి. మరాఠా స్వారుల కవియే యాధారము. భీమథడి యని పేరుగల యా జాతిని ప్రత్యేకజాతిగా ప్రభుత్వసంస్థలు గుర్తించుట మన కాలముననే జరిగినది. అయినను రాజులు కోరినవి యీ తట్టువులు కావు. వారికి కావలసినవి అరేబియా, పారసీక దేశముల మేలుజాతి గుఱ్ఱములు. అవి సముద్రముపై నోడలలో రావలసినదే.

13వ శతాబ్ది చివర దక్షిణదేశమునకు వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ వర్తకమును గూర్చి వ్రాసిన మాటలు మిక్కిలి యెన్నదగినవి. ఇతడు మన మోటుపల్లి రేవును, ఆ రాజ్యము నేలుచుండిన రాణిని గూర్చియు వ్రాసినవాడే. పాండ్యదేశమును గూర్చి చెప్పుచు నతడిట్లు తెల్పినాడు. అచ్చటి రాజు ఏటేట రెండువేలకు మించిన గుఱ్ఱములను కొనును. అతని సోదరులును నట్లే కొందురు. కాని యేడు తిరుగునప్పటికి వానిలో నూఱైనను బ్రతికి యుండవు. కారణ మేమన, అచ్చటివారికి గుఱ్ఱమును పోషించుట తెలియదు. వండిన యన్నమును మాంసమును దానికి పెట్టుదురు. మేలుజాతి యాడుగుఱ్ఱమునకు మేలుజాతి మగగుఱ్ఱమువలన పుట్టిన పిల్లయు నచ్చట వంకరకాళ్ళతో, చిన్నదై, స్వారికి పనికిరాక పోవును.

ఇంతకంటె విచారింపదగిన మాట యొకటి యతడు వ్రాసినాడు. గుఱ్ఱములను తెచ్చెడి వర్తకులు తమవెంట గుఱ్ఱపువైద్యులను తేకుండుటయే కాక, ఇతరులెవరును వైద్యులను కొనిపోకుండ నడ్డుపడెడివారట. గుఱ్ఱములు చచ్చిననే కదా మఱుసటియేడు మఱల నమ్ముడుపోవును! మార్కోపోలో లెక్కలను తులలో పెట్టి తూచినట్లు నమ్మ నక్కఱలేదు. యాత్రికులు సంఖ్యలను పెంచి చెప్పుట కలదు. అయినను తెలియనితన మొకరికి నష్టమై, మఱియొకరికి లాభమగు నను సత్యమును మాత్రము మనము గుర్తింపవలెను. గుఱ్ఱమును కొనగల ధనమును, దానిని బ్రతికింపగల విద్యయు వేఱువేఱు. మొదటిది రాజునొద్ద నుండెను, రెండవది లేదు.

వెలయు వర్తకమును

కాకతీయుల కాలమునకే మన రాజ్యమున నశ్వబలము విస్తారముగ నుండెను. 1310లో ప్రతాపరుద్రునితో సంధి చేసికొని మాలిక్ కాఫూరు ఓరుగల్లునుండి ఏనుగులతోపాటు ఏడువేల గుఱ్ఱములను కొనిపోయెనని బరనీ వ్రాసినాడు. విజయనగర రాజులకాలమున నీ వర్తకము మఱింత పెరిగినది. తానే గుఱ్ఱముల వర్తకుడై 1535 ప్రాంతమున విజయనగరమున నివసించిన పోర్చుగీసువాడు నూనిజ్, రాయలు ఏటేట హొర్ముజు గుఱ్ఱములను దేశవాళి గుఱ్ఱములను కలిపి పదుమూడువేలు కొనుచుండెనని చెప్పినాడు. వానిలో మేలైనవానిని తన సాలకు నేఱుకొని, మిగిలిన దేశవాళి గుఱ్ఱములను వేయి వరహాలకైదు చొప్పున నాయకుల కమ్మెడివాడట. నాయకు లా సొమ్మును గడువులోపల చెల్లింపవలసినదే.

అతడే సాళువ నరసింహుని గూర్చి చెప్పిన ముచ్చట యొకటి కలదు. నరసింహుడు గుఱ్ఱములు తన రాజ్యమునకే రావలెనను కోరికతో, బ్రతికినవానికిని చచ్చినవానికిని నొకే వెల యిచ్చెడివాడట. నడిసముద్రమున చచ్చిన గుఱ్ఱము తోకను వర్తకుడు కోసి తెచ్చి చూపిన చాలును, వెల ముట్టెడిది. గుఱ్ఱమన్న రాజుల కెంత యాతురత యుండెనో దీనివలన తెలియును. ఓడలో గుఱ్ఱములెన్ని చచ్చెడివో యదియు తెలియుచున్నది.

కృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో రాజనీతిని చెప్పుచు, ఏనుగులను మేలుగుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులను సత్కరించి, వారికి పురమున మంచి యిండ్ల నిచ్చి, లాభము చేకూర్చి, శత్రువుల కా గుఱ్ఱములు పోకుండ చూచుకొనవలెనని బోధించినాడు. 1510లో పోర్చుగీసులు గోవాను పట్టినతరువాత పడమటి సముద్రపు గుఱ్ఱపు వర్తకము చాలవఱకు వారి చేతికి పోయినది. 1547లో వారికిని విజయనగరమునకును జరిగిన సంధిలో గోవాకు వచ్చెడి గుఱ్ఱములన్నియు విజయనగరమునకే పోవలెనను నియమము ముఖ్యమైనది. హంపీలోని హజారరామాలయపు ప్రాకారముపై నేటికిని గుఱ్ఱముల వరుసలు చెక్కబడి యున్నవి. చూచువారు రౌతుల నగలను, గుఱ్ఱముల యలంకారములను చూచి మెచ్చుకొందురు. కళ్ళెము పట్టుకొని ప్రక్కన నడచుచున్న వానిని గూడ నొక నిమిషము చూడవలెనని మా మనవి. నూనిజ్ లెక్కప్రకారము రాయల కొలువున గుఱ్ఱములను చూచు పరిచారకులు పదియాఱువందలమంది, గుఱ్ఱములకు నడకలు నేర్పువారు మూడువందలమంది. వారిలో నొక్కని పేరైనను మనకు తెలియదు.

మేత

ఇక నసలు విషయమునకు వత్తము. గుఱ్ఱము శరీరము పెద్దదే కాని దాని యన్నకోశము చిన్నది. అది పశువువలె నెమరువేయదు, కుక్కవలె కక్కలేదు. తిన్నది లోపల పులిసినచో బయటికి వచ్చు త్రోవ లేదు. కావున గుఱ్ఱమునకు మేతను కొంచెము కొంచెముగా పలుమాఱులు పెట్టవలెను. మొదట గడ్డి, తరువాత దాణా. నీరు దాణాకు ముందు త్రాగింపవలెను. చెమటతో వచ్చినదానికి ఒడలాఱు వఱకు దాణా పెట్టరాదు. ఈ నాలుగు నియమములును తెలిసినవాడు సగము గుఱ్ఱపువైద్యుడే యని పెద్దలు చెప్పుచుండెడివారు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని గూర్చిన యధ్యాయము కలదు. అందు ఉత్తమాశ్వమునకు దినమునకు రెండు ద్రోణముల ధాన్యము, ప్రస్థము నూనె, ఐదు పలముల ఉప్పు మొదలైనవి విధింపబడినవి. ధాన్యము సగ ముడికినదిగా నుండవలెను; లేదా పెసలను గాని మినుములను గాని యుడికించి పెట్టవచ్చును. మధ్యమాశ్వమునకు నాలుగవ పాలు తక్కువ. ఈనిన యాడుగుఱ్ఱమునకు మూడు రాత్రులు నేయి పోయవలెనని గూడ నందున్నది. మేతను కొలిచి పెట్టుటయు, గుఱ్ఱపు తరమునుబట్టి మార్చుటయు రెండువేలయేండ్లకు పూర్వమే మనదేశమున శాస్త్రమై యుండెనని దీనివలన స్పష్టము. ఉప్పును మఱవకుండుట విశేషముగా మెచ్చదగినది. చెమటలో పోయిన యుప్పు మేతతో తిరిగి రాకున్నచో గుఱ్ఱము నీరసించును.

15వ శతాబ్ది యుత్తరార్ధమున అఫనాసీ నికితిన్ అను రష్యా వర్తకుడు ఒక మగగుఱ్ఱము నమ్ముకొనుటకై దానిని వెంటగొని మన దక్కనునకు వచ్చినాడు. జున్నరులో నచ్చటి యధికారి దానిని లాగికొనగా, ఎంతో శ్రమపడి మఱల పొందినాడు. ఈ దేశమున గుఱ్ఱములకు శనగలవంటి పప్పుగింజలను పెట్టుదురనియు, కిచిడీని చక్కెరతోను నూనెతోను కలిపి వండి పెట్టుదురనియు నతడు వ్రాసినాడు. కడకు బీదరులో దాని నమ్మివేసెను. ఏడాదిపాటు దానిని పోషించుట కఱువదియెనిమిది నాణెములు కర్చైనవని లెక్క వ్రాసికొన్నాడు. రాజుల సాలల లెక్కలు పెక్కు కలవు. ఒక సామాన్యుడు తన యొక్క గుఱ్ఱమున కైన కర్చును వ్రాసికొన్న లెక్క యరుదు. గుఱ్ఱమును కొనుట యొక్కనాటి కర్చు. పెట్టుట ప్రతిదినపు కర్చు. "గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదు" అను మన సామెతకు నికితిన్ లెక్కయే వ్యాఖ్యానము.

మన తెలుగునాట గుఱ్ఱపుదాణా యనగా నులవలే. ఉలవ మెట్టపైరు, కొద్ది వానకే పండును, దానిలో మాంసకృత్తులు నూటికి ఇరువదిపాళ్ళకు మించి యుండును. పచ్చి యులవలు కడుపులో నుబ్బును. కావున వానిని రాత్రి నానబెట్టియో, ఉడికించి గుగ్గిళ్ళు చేసియో, మోటుగా నలగగొట్టియో పెట్టవలెను. నానబెట్టుట మేలా, ఉడికించుట మేలా యను వాదము గుఱ్ఱములవా రెచ్చట కూడినను కలుగుచుండెడిది. మెట్టవారు నానబెట్టుటను, పల్లపువారు ఉడికించుటను సమర్థించుట మేమెఱుగుదుము. ఉలవ లుడికిన నీటిని పాఱబోయక చారు కాచుకొనుట మనవారికి వాడుక. గుగ్గిళ్ళు సాలకు, చారు వంటయింటికి! ఉలవచారును మెచ్చుకొనెడి యతిథులలో నెందఱు దాని జతగాడైన గుఱ్ఱమును తలంతురో మాకు తెలియదు.

గడ్డిలో గరిక శ్రేష్ఠము. దానిని వేళ్ళతో చెక్కి తెచ్చి, కఱ్ఱతో కొట్టి మన్ను దులిపి, కడిగి యాఱబెట్టి వేయవలెను. మన్నుతోడి గడ్డి కడుపులో ఇసుకయై నిలిచి శూల పుట్టించును. గుఱ్ఱమునకు దినమునకు దాని బరువులో నూటికి రెండుపాళ్ళు ఎండుమేత కావలెననుట సామాన్యపు లెక్క. నీరు ఋతువునుబట్టి మూడు నాలుగు బిందెలు పట్టును. గడ్డి కోసి తెచ్చువాని పగలంతయు దీనికే సరిపోవును. స్త్రీలే యీ పనిని చేసెడి యిండ్లును పెక్కు గలవు. రౌతు జాములో చేసిన స్వారికి వెనుక, ఇంకొకరు దినమంతయు చేసిన గడ్డికోత యున్నదని మఱవరాదు.

సాలలో దినచర్య

అర్థశాస్త్రము గుఱ్ఱపుసాలను తూర్పునకో ఉత్తరమునకో ముఖముగా కట్టుమనియు, ప్రతి గుఱ్ఱమునకు దాని పొడవంత చదరపు చోటుండవలెననియు, నునుపైన పలకల నేలయు, మేతతొట్టియు, మూత్రపురీషములు పోవుటకు త్రోవయు నుండవలెననియు విధించినది. మన యిండ్లలో నంతటి యేర్పాటు లేకున్నను మూలసూత్ర మొక్కటే: గాలి తగులవలెను, తడి నిలువరాదు.

తెల్లవాఱుజామున గుఱ్ఱపువాడు సాలలోనికి పోయి మొదట చూచునది పేడ. పేడ యుండలుగా, పచ్చిక వాసనతో నున్న గుఱ్ఱ మారోగ్యముగా నున్నట్లు. పలుచగా నున్నను, మిక్కిలి గట్టిగా నున్నను, అసలే లేకున్నను నాటి దాణా తగ్గింపవలెను. తరువాత నీరు, తరువాత కొంచెము గడ్డి. అటుపిమ్మట ఇనుపపండ్ల ఖరారాతో దుమ్ము రేపి, గోనెపీచుతో నొడలెల్ల రుద్ది, తడిగుడ్డతో కన్నులు, ముక్కుపుటములు తుడువవలెను. మాలీషు అందము కొఱకని మనవారనుకొందురు. అది రక్తప్రసారము కొఱకు. అంతకంటె ముఖ్యముగా, చేయి యొడలంతట తగిలినప్పుడు వాపు, పుండు, వేడి, ముల్లు తెలియుట కొఱకు.

తరువాత గొరిజలు. ఒక్కొక్క కాలు నెత్తి, గొరిజలో నిఱుకుకొన్న రాళ్ళను పేడను మొనగల యినుపకొక్కెముతో తీయవలెను. గొరిజ మన గోరువలె పెరుగును. కావున నెల, నెలన్నర కొకసారి లాడములు తీసి, గొరిజ చెక్కి, మఱల కొట్టవలెను. మేకు కొంచెము లోపలికి దిగినచో గుఱ్ఱము కుంటును. లాడము కొట్టుట యందుచేతనే సున్నితపు పని. కట్టివేయునపుడు మెడపగ్గమును అగాడి యనియు, వెనుకకాళ్ళ పగ్గమును పిఛాడి యనియు సైన్యములనుండి వచ్చిన హిందుస్తానీ మాటలతో పిలిచెడివారు. జీను, రికాబు, సాయీసు మొదలైనవియు నట్లు వచ్చినవే. రికాబునకు అంకవన్నె యను తెలుగుమాట యున్నను నేడు నిఘంటువులోనే మిగిలినది.

స్వారి

స్వారి యనగా నెక్కి కూర్చుండుట కాదు. అమరకోశము గుఱ్ఱపు నడకలను ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని యైదుగా విభజించినది. వీనినే పంచధారలందురు. వాడుకలో కదము, దుల్కి, దౌడు అను మూడు చాలును. దూరము పోవువాడు కదముతో మొదలిడి, గుఱ్ఱ మొడలు వేడియైన పిమ్మట దుల్కికి వచ్చి, ఊరు చేరుటకు ముందు మఱల కదమునకు దింపవలెను. ఊరి నడుమ దౌడు తీయించి వాకిట నాపువాడు చూచువారికి వీరుడు, గుఱ్ఱమునకు శత్రువు. జీనుక్రింది కంబళిలో నొక ముడత యున్నను సాయంకాలమునకు వీపు పుండగును. ఆ పుండు మానుటకు పక్షములు పట్టును.

కాకతీయుల కాలమున సాహిణి యనునది గొప్ప పదవి. నృత్తరత్నావళిని రచించిన జాయపసేనాని గజసాహిణి. కాయస్థవంశజుడైన గంగయసాహిణి గణపతిదేవుని కొలువున నశ్వబలమున కధిపతి. సాలను చూచువాని పేరే సేనాధిపతికి గౌరవనామ మగుట చిన్న విషయము కాదు. గుఱ్ఱముల నెఱిగినవాడే గుఱ్ఱపుదండును నడుపవలెనని నాటివా రెఱిగి యుండిరి.

తరువాతి కాలమున దక్కనులో రౌతులు రెండు తెఱగులు. తన గుఱ్ఱమును తానే తెచ్చుకొనువాడు శిలేదారు. సర్దారు గుఱ్ఱము నెక్కువాడు బారుగీరు. శిలేదారునకు గుఱ్ఱమే భూమి, గుఱ్ఱమే బ్రతుకు. అది చచ్చినచో జీతము పోవును. అందుచేత నతడు దానిని బిడ్డవలె చూచుకొనెడివాడు. ఆ కారణముననే యుద్ధమున ముందునకు దూకుటకు వెనుదీయుచుండెనని సేనాపతులు నిందించెడివారు. హైదరాబాదు కంటింజెంటు అశ్వదళములందును ఈ శిలేదారీ పద్ధతి నడచినది. మొదటి ప్రపంచయుద్ధానంతర మీ పద్ధతి యంతరించినది. గుఱ్ఱముగల సామాన్యులు ఒకచోట కూడి మేతవెలలను, వైద్యములను, లాడపుపనిని చర్చించుకొన్న కూటములు మనదేశమున నేవైన నున్నవన్నచో, అవి యీ శిలేదారుల బిడారములే.

శాస్త్రమును భ్రమయు

శాలిహోత్రుని పేరిటను, నకులుని పేరిటను సంస్కృతమున నశ్వశాస్త్రములు కలవు. పశ్చిమ చాళుక్యరాజైన సోమేశ్వరుని మానసోల్లాసమున గుఱ్ఱపుస్వారియు, గుఱ్ఱములపైనుండి యాడు బంతియాటయు వర్ణింపబడినవి. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును రచించినాడు. ఈ గ్రంథములలో మనము రెండు భాగములను వేఱుచేసి చూడవలెను. పండ్లనుబట్టి వయస్సు నెఱుగుట, మేతను ఋతువునుబట్టి మార్చుట, వ్రణములకు చికిత్స చేయుట మొదలైనవి యనుభవమునుండి పుట్టినవి. ఐదవయేట గుఱ్ఱము నోటి పండ్లన్నియు పూర్తియగు ననుట నేటికిని నిజమే. సుడు లెచ్చటనున్న యజమానికి కీడు, ఎచ్చటనున్న మేలు అను లెక్క మాత్రము వేఱు. మంచిగుఱ్ఱములెన్నియో సుడి దోషముచేత తక్కువ వెల కమ్ముడుపోయినవి. చెడ్డగుఱ్ఱము లెన్నియో శుభసుడిచేత నెక్కువ వెలకు పోయినవి. వర్తకున కిదియు లాభమే. యజమానికి కీడు సుడివలన రాదు. మురికినీటి తొట్టివలన వచ్చును.

మా యింటి కథ

ఇక మా మాట. 1950ల నాటి ముచ్చట. మా పితామహులకు జేగురువన్నె తట్టువ యొకటి యుండెడిది. వారు పొలములకును, పొరుగూళ్ళకును దానిపై పోయెడివారు. మేమప్పుడు బాలురము. మా చినతండ్రిగారి వివాహమున దానిని ముస్తాబు చేసి యూరేగించిరి. ఊరేగింపు ముగిసిన పిమ్మట చుట్టములు ముచ్చటపడి దానికి బూరెలు, చక్కెరపొంగలి, అన్నము, బుట్టెడు నులవ గుగ్గిళ్ళు తినిపించిరి. గుఱ్ఱపువాడు చేతులు జోడించి వలదనెను. "పెండ్లియింట గుఱ్ఱమునకు పెట్టవలదని చెప్పుటకు నీ వెవ్వడవు?" అని యొక పెద్ద గద్దించెను. అతడు వెనుకకు తగ్గెను.

అర్ధరాత్రికి శూల మొదలైనది. గుఱ్ఱము కాలితో నేల త్రవ్వుచు, తన డొక్కవైపు తిరిగి తిరిగి చూచుచు, పడుచు లేచుచు నుండెను. ఒడలెల్ల చెమట. గుఱ్ఱపువాడు దానిని పడనీయక తెల్లవాఱువఱకు వాకిట త్రిప్పుచునే యుండెను. ఆ చప్పుడు మాకు నేటికిని చెవులలో నున్నది. పొద్దుపొడుపునకు ముందే యది చచ్చినది. శుభకార్యమున నశుభమైనదని యింటివారు వగచిరి. తప్పు గుఱ్ఱపువానిపై పడినది. అతనిని పనినుండి తొలగించిరి.

చాలయేండ్ల తరువాత మేము ఇంటి పాతలెక్కల పుస్తకములను తిరుగవేసితిమి. అందు గుఱ్ఱపు వెల యున్నది, జీనువెల యున్నది, ఉలవల కొలత నెలనెలకును వ్రాసి యున్నది. జీతపు పద్దునొద్ద "గుఱ్ఱపువానికి" అని మాత్రమే యున్నది. మేము మా గుఱ్ఱము పేరు నెఱుగుదుము. ఆ రాత్రియంతయు దానితో నడచినవాని పేరు నెఱుగము. అడిగి తెలిసికొందమన్న నా కాలపువా రిపుడు లేరు.

మార్కోపోలో చెప్పిన వర్తకులు గుఱ్ఱపువైద్యులను దేశములోనికి రానీయలేదు. వారిని మనము నిందింతుము. కాని తెలిసినవాడు మన వాకిటనే నిలిచియుండగా వాని నోరు మూయించిన మన మేమి తక్కువ? వారు లాభము కొఱకు చేసిరి. మనము గొప్ప కొఱకు చేసితిమి. గుఱ్ఱమునకు రెండును నొక్కటే.

నేటి స్థితి

1960లో నాఫ్రికా గుఱ్ఱపురోగము మనదేశమున ప్రవేశించి వేలకొలది గుఱ్ఱములను చంపినది. అంతకు ముందే మోటారులు వచ్చి స్వారిగుఱ్ఱములను తగ్గించినవి. బెజవాడ, గుంటూరు, రాజమహేంద్రవరములలో రైలుస్టేషనులముందు నిలిచెడి జట్కాలు రిక్షాలకును, తరువాత ఆటోలకును చోటిచ్చినవి. 2019 పశుగణనలో దేశమందలి గుఱ్ఱములు, తట్టువులు కలిపి 3.4 లక్షలు మాత్రమే. 2012 లెక్కకంటె నూటికి 45 పాళ్ళకు పైగా తగ్గినవి. హిస్సారులో 1985లో స్థాపింపబడిన యశ్వపరిశోధనా కేంద్రము చికిత్సలను, జాతిరక్షణమును సాగించుచున్నది. నాందేడు మండలపు మాళేగాము ఖండోబా జాతరలో నేటికిని గుఱ్ఱముల సంత జరుగును. నిజాము రాజ్యకాలమునుండి తెలంగాణమువారికి నది యెఱిగిన జాతరయే.

మనవారిలో నేడు గుఱ్ఱము ముఖ్యముగా పెండ్లియూరేగింపులలోనే కానవచ్చుచున్నది. అద్దెకు వచ్చిన యా గుఱ్ఱము తారురోడ్డుపై, బాణసంచా మ్రోతల నడుమ, గంటలకొలది నిలిచి యుండును. దానికి నీరు పెట్టిరా యని యడుగువారు మిక్కిలి తక్కువ. బండ్లకు, బరువులకు వాడు జంతువులను గూర్చి 1965లో భారతప్రభుత్వము చేసిన నియమములలో దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదనియు, ఐదు గంటలకు మించి యెడతెగక చేయింపరాదనియు, ఎండ 37 డిగ్రీలు దాటెడి చోట మధ్యాహ్నము 12 మొదలు 3 వఱకు పని చేయింపరాదనియు నున్నది. పెండ్లిగుఱ్ఱమునకును నీ కొలతనే పాటించుట ధర్మము.

మూడు మనవులు

మొదటిది. తమ వంశచరిత్రమును వ్రాయువారు గుఱ్ఱమును గూర్చి వ్రాసినప్పుడు, దానిని పెంచినవాని పేరును, అతని కులమేదైనను, కనుగొని వ్రాయవలెను. తెలిసిన వృద్ధు లింకను జీవించియుండగానే యడుగవలెను.

రెండవది. పెండ్లికి గుఱ్ఱమును మాట్లాడువారు కూలితోపాటు నీటితొట్టిని, నీడను, మోపెడు గడ్డిని నేర్పఱుపవలెను. పిండివంటలు పెట్టనీయరాదు. గుఱ్ఱమువా డిది వలదన్న దానిని చేయరాదు. ఆ యొక్క విషయమున నతడే యింటిపెద్ద.

మూడవది. ఉలవలను నానబెట్టు తీరు, లాడపుపని మాటలు, శూలకు పెట్టెడి మందులు మొదలైనవి యెఱిగినవారు మన గ్రామములందు కొందఱైనను మిగిలియున్నారు. వారి మాటలను వ్రాసి వచ్చుయేటి సంచికకు పంపినచో సంఘమునకు మేలు చేసినవారగుదురు.

మా తాతలకు గుఱ్ఱములుండెనని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. ఆ హక్కుతోపాటు తీర్పవలసిన ఋణ మొకటి కలదని తెలుపుటకే యీ వ్యాసము వ్రాసితిమి. లోపములున్నచో సంఘీయులు మన్నింతురు గాక.